ముక్కలుగా చూసిన మహాచైత్యం: అమరావతి నుంచి ఎగ్మూరు దాకా

జనవరి 18, శనివారం: అమరావతి

అమరావతి మహాచైత్యం అనే ప్రాచీన బౌద్ధ స్తూపం ఇప్పుడు ఒక చోట లేదు. దాని పునాది పల్నాడు జిల్లా అమరావతిలో ఉంది. శిల్పాలలో కొన్ని ఆ పునాది పక్కనే ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలోనూ, చాలా భాగం చెన్నై ఎగ్మూరులోనూ, బాగా పేరుపడ్డవి కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. పాస్‌పోర్టు అక్కరలేకుండా చూడగలిగినంత మేరా వరుసగా చూసి రావాలని నేనూ, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయిన మా బాబాయీ సంక్రాంతి వెళ్లగానే బయలుదేరాము.

విజయవాడ నుంచి కరకట్ట మీదుగా వెళ్లే దారిలో ఒక పక్క కృష్ణ, మరో పక్క రాజధాని కోసం లేచిన క్రేన్లు కనిపిస్తాయి. ఊళ్లలో మాత్రం ఇంకా పండుగ దిగిపోలేదు. ముగ్గుల రంగులు వెలిసిపోయినా గొబ్బెమ్మలు గోడలకు పిడకలై ఎండుతున్నాయి. అమరావతిలో బస్సు దిగి, బుద్ధుడి దగ్గరికి పోనివ్వమని ఆటో అతనితో చెప్పాము. అతను మారుమాట లేకుండా ఏటి ఒడ్డున ఉన్న 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం ముందు ఆపాడు. వచ్చినవాళ్లందరూ అడిగేది ఈ బుద్ధుణ్నేనట. పాత స్తూపం సంగతి చెప్పాక, "ఆ దిబ్బ దగ్గర ఏముందండీ, గడ్డి తప్ప!" అంటూనే వెనక్కి తిప్పాడు. రెండు చోట్లకూ కలిపి 100 రూపాయలు తీసుకున్నాడు. కొత్త విగ్రహం పెద్దది, శుభ్రంగా ఉంది. దాని నీడలో పిల్లలు పరుగులు పెడుతున్నారు. నిలబడి చూడవలసిన పనితనం మాత్రం నాకు అందులో కనిపించలేదు.

ముందు ప్రదర్శనశాలకు వెళ్లాము. ఆ వరుసే మంచిదని తరువాత తేలింది. ఇక్కడి శిల్పాలన్నీ పల్నాటి పాలరాయి అని అందరూ అనే సున్నపురాయి మీద చెక్కినవి. తెలుపులో పాచిరంగు లేతగా కలిసినట్లుండే ఆ రాయి ఉలికి వెన్నలా లొంగుతుందేమో, వేలిగోరంత ముఖంలో కూడా పెదవుల వంపు స్పష్టంగా దిగింది. లోపల మనిషెత్తు బుద్ధ విగ్రహాలున్నాయి. ఒక భుజాన్ని వదిలి ఒంటిని చుట్టిన చీవరం (భిక్షువు వస్త్రం) మడతలను సమానమైన గీతలుగా చెక్కి, కింద ఎడమ పక్కన దళసరి అంచుగా మలిచారు. గాలరీలో జనం పలచగా ఉన్నారు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి విగ్రహాలకు వీపు చేసి సెల్ఫీలు తీసుకుని వెళ్లిపోయింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మరో రకం పలక. స్తూపం అండం, అంటే గుమ్మటం, కింద ఉండే గుండ్రని వేదిక చుట్టూ అమర్చిన పలకలలో కొన్నింటి మీద శిల్పులు ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. ముందు ప్రాకారం, అందులో ద్వారం, ద్వారానికి అటూ ఇటూ కూర్చున్న సింహాలు, వాటి వెనక వేదిక మీద వరుసగా నిలబడ్డ ఐదు ఆయక స్తంభాలు (వేదిక ముందుకు పొడుచుకొచ్చిన చోట నిలిపేవి), ఆపైన పూలదండలు చుట్టిన అండం, శిఖరాన హర్మిక అనే చిన్న చదరపు కట్టడం, దాని మీద గుంపుగా లేచిన గొడుగులు, ఆకాశంలో ఎగురుతూ నమస్కరిస్తున్న గంధర్వులు. మహాచైత్యం నిండుగా ఉన్న కాలంలో ఎలా కనిపించేదో ఇంతకంటే బాగా చెప్పే సాక్ష్యం మరొకటి లేదు. కట్టినవాళ్లు తమ కట్టడం బొమ్మను ఆ కట్టడం మీదే చెక్కి పెట్టబట్టి, కట్టడం పోయినా దాని నక్షా మిగిలింది. బాబాయి ఆ పలక ముందు నిలబడి ప్రాకారం నుంచి గొడుగుల దాకా వేలితో గాలిలో గీతలు గీస్తూ, "ఇది ఎలివేషన్ డ్రాయింగేనమ్మాయ్, స్కేలు ఒక్కటే తక్కువ" అన్నాడు. అది పూర్తిగా నిజం కాకపోవచ్చు. శిల్పి అలంకారం కోసం పెంచినవీ తగ్గించినవీ ఉంటాయి. అయినా ఆ మాట మిగిలిన ప్రయాణమంతా పనికొచ్చింది.

పూర్ణఘటం చెక్కిన పలకలను కూడా ఆగి చూడాలి. నిండు కుండలోంచి తామరలు పైకి లేచి అటూ ఇటూ వాలే ఈ రూపమే 2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో చేరింది. అమరావతి శాసనాలలో ఒకటి, ఇటువంటి పూర్ణఘటపు పలకను విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి దానం చేశాడని చెబుతుంది. సుగంధద్రవ్యాల వర్తకులు, గృహిణులు, భిక్షుణులు ఇచ్చిన పలకలూ స్తంభాలూ ఇంకా ఎన్నో ఉన్నాయి. శాతవాహనుల పేరు చెప్పి ముగించే మన పాఠ్యపుస్తకాలు ఈ దాతల జాబితాను ఒక పేజీ అయినా వేస్తే బాగుండేది.

మధ్యాహ్నం గుడి వీధిలోని మెస్సులో భోజనం 120 రూపాయలు. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు పెట్టారు. వడ్డించే ఆవిడ పచ్చడి గిన్నె చేత్తో పట్టుకునే తిరుగుతున్నది. వద్దన్న కొద్దీ "పొలం గోంగూరమ్మా, ఇది మీకు ఊళ్లో దొరకదు" అంటూ మరో గరిటె వేసింది. నెయ్యి అడిగితే చిన్న గిన్నెడు తెచ్చి ముందు పెట్టి, దానికి డబ్బు తీసుకోలేదు.

ఎండ తగ్గాక స్తూపం దగ్గరికి వెళ్లాము. గడ్డి పరిచిన ఆవరణ మధ్య ఇటుక పునాదితో గుండ్రని వేదిక, దాని అంచున అక్కడక్కడ తిరిగి నిలబెట్టిన పలకలు, విరిగిన స్తంభాలు. ఆటో అతని మాట అబద్ధం కాదు. అయితే పొద్దున్న పలకను చూసి రావడం వల్ల, దాదాపు 50 మీటర్ల వ్యాసమున్న ఆ వలయం మీద అండాన్నీ, గొడుగులనూ మనసులో నిలబెట్టుకోవడం సాధ్యమైంది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికల గుర్తులు తెలుస్తున్నాయి. ప్రాకారం స్తంభాలు మనిషి తల దాటిన ఎత్తున ఉండేవి. వాటి బయటివైపు విప్పారిన తామరలను, లోపలివైపు బుద్ధుడి పూర్వజన్మల జాతక కథలను చెక్కారు. ప్రదక్షిణ చేసేవాడికి మాత్రమే కథలు కనిపించేలా చేసిన ఏర్పాటు అది.

ఈ దిబ్బను ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన నివాసం ఇక్కడికి మార్చి కొత్త ఊరు కట్టించినప్పుడు, ఇటుకల కోసం, రాళ్ల కోసం జనం దీన్ని తవ్వారు. ఆ వార్త విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు కోసం గొయ్యి తవ్వి ఉంది. అతని మనుషులు అప్పుడు కూర్చుని గీసిన బొమ్మల వల్ల, తరువాత మాయమైన పలకలు కొన్ని కాగితం మీదైనా మిగిలాయి. కొన్ని రాళ్లు శివగంగ చెరువు మెట్లలోకి వెళ్లాయి, కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. గోడ నీడలో గడ్డి పీకుతున్న ఆవిడను ఈ ఊళ్లో పాత ఇళ్ల గోడలలో ఇటువంటి రాళ్లున్నాయా అని అడిగితే, నా చేతిలోని పుస్తకాన్ని, బాబాయి చేతిలోని కొలత టేపును మార్చి మార్చి చూసి, "మాకేం తెలుసమ్మా, మా ఇల్లు సిమెంటుది" అని పని చూసుకుంది.

జనవరి 19, ఆదివారం: అమరేశ్వరాలయం, ధరణికోట

పంచారామాలలో ఒకటైన అమరేశ్వరాలయం ఏటి ఒడ్డున మిట్ట మీద ఉంది. ఇక్కడి లింగం ఎంత పొడవంటే అర్చకులు పై అంతస్తులో నిలబడి అభిషేకం చేస్తారు. ఆదివారం కావడం వల్ల రద్దీగా ఉంది. మా ముందు నిలబడ్డ పెద్దావిడ ఒకరు క్యూలో ఉన్నంతసేపూ తన సంచిలోంచి అరిసెలు తీసి చుట్టుపక్కల పిల్లలకు పంచుతూనే ఉన్నారు. నాకూ ఒకటి దక్కింది. నువ్వులు బాగా అద్దిన, పాకం ముదరని అరిసె అది.

మేము వచ్చింది దర్శనం కోసమే కాదు. ఈ గుడి స్తంభం మీద 1182 నాటి శాసనం ఉంది. శివభక్తులైన కోట వంశపు కేతరాజు ఈ ఊరి బుద్ధదేవుడికి గ్రామాలను, అఖండ దీపాలను ఇచ్చినట్లు అందులో రాయించాడు; చిత్రశోభితమైన ఎత్తయిన చైత్యం ఇక్కడున్నదని కూడా అదే శాసనం చెబుతుంది. అంటే పన్నెండో శతాబ్దం చివర కూడా మహాచైత్యం నిలిచే ఉంది, పూజలందుకుంటూనే ఉంది. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం ప్రకారం 1344 నాటికి ధర్మకీర్తి అనే స్థవిరుడు (పెద్ద భిక్షువు) ఇక్కడి పాత పట్టణమైన ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడు. శైవం వచ్చి బౌద్ధాన్ని ఒక్క దెబ్బతో తుడిచిపెట్టిందని మనం సులువుగా చెప్పుకునే కథకు ఈ రెండు తేదీలూ అడ్డం వస్తాయి. శివాలయం స్తంభం మీదే బుద్ధుడికి ఇచ్చిన దానం లెక్క ఉన్నప్పుడు, ఆ కథను కొంచెం నెమ్మదిగా చెప్పుకోవడం మంచిది.

అక్కడి నుంచి ధరణికోటకు ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. శాతవాహనుల కాలపు ధాన్యకటకం ఇదే. కోటగోడ ఇప్పుడు మట్టికట్టగా మిగిలింది, దాని మీద తుమ్మచెట్లు పెరిగాయి. 1960ల తవ్వకాలలో ఇక్కడ ఇటుకలతో కట్టిన ఓడరేవు గట్టు, ఏటి నుంచి పడవలు వచ్చే కాలువ బయటపడ్డాయి. స్తూపానికి పలకలిచ్చిన వర్తకుల సొమ్ము ఏ దారిన వచ్చిందో ఆ గట్టే చెబుతుంది. కట్ట ఎక్కి చూస్తే పైన పత్తి చేలు, కింద కళ్లాల్లో ఆరబోసిన తొలికోత మిరపకాయలు. ఘాటుకు బాబాయి వరసగా తుమ్ముతుంటే, కళ్లం దగ్గరున్న రైతు మంచినీళ్ల చెంబు అందించి, "పట్నం ముక్కులండీ, అలవాటు లేదు" అని నవ్వాడు. ఈ ఏటి ధర గురించి అడిగితే నవ్వు ఆపాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలో, ఇప్పుడే యార్డుకు తోలాలో తేల్చుకోలేకపోతున్నానన్నాడు. రాత్రికి గుంటూరు చేరుకున్నాము.

జనవరి 20, సోమవారం: భట్టిప్రోలు

తెనాలిలో పెసరట్టు ఉప్మా తిని (60 రూపాయలు, అల్లపు పచ్చడి అమోఘం) రేపల్లె దారిలోని భట్టిప్రోలు చేరాము. స్తూపం ఎటు అని అడిగిన ఇద్దరు కుర్రాళ్లు చెరో దిక్కు చూపించారు. పెద్దవాడి మాట నమ్మి వెళితే దారి సన్నబడి సన్నబడి వరి కోసిన మాగాణిలో ఆగిపోయింది. అక్కడ మినుము అప్పుడే పూతకొచ్చింది. గట్టు మీద కూర్చున్న రైతు మమ్మల్ని చూడగానే సంగతి గ్రహించి, "తవ్వకాల దిబ్బకేనా? మళ్లీ రోడ్డెక్కండి బాబూ" అని, ఊరికే పంపడం ఎందుకనుకున్నాడేమో, రెండు దోరజామకాయలు కోసి చేతిలో పెట్టాడు.

భట్టిప్రోలులో శిల్పాలను ఆశించి వచ్చినవారికి నిరాశ తప్పదు. 40 మీటర్లు దాటిన వ్యాసంతో ఉన్న ఇటుక కట్టడం అడుగుభాగం మాత్రమే ఇక్కడ మిగిలింది. అయితే 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే ఈ స్తూపం గర్భంలోంచి మూడు రాతి కరండాలను (మూత ఉన్న పెట్టెలను) తీశాడు. వాటి మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు, కుబిరకుడనే రాజు పేరు ఉన్నాయి. లోపల స్ఫటికపు భరిణె, ధాతువు (పవిత్ర అవశేషం), బంగారపు పూలు దొరికాయి. దక్షిణాది లిపుల చరిత్ర రాసేవారెవరూ ఈ కరండాలను దాటి పోలేరు. అక్షరాలలో కొన్ని అశోకుని బ్రాహ్మిలో ఎక్కడా లేని రూపంలో ఉండడం వల్ల పండితులు దీన్ని విడిగా భట్టిప్రోలు లిపి అని పిలుస్తారు.

రే వచ్చేనాటికే పైభాగం పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి ఇటుకలు రోడ్డు వేయడానికి, పాలరాతి స్తంభాలు వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడానికి వెళ్లాయి. ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు బాబాయి కాసేపు ఇటుకల వరుసను చేత్తో తడుముతూ ఉండిపోయాడు. "మా శాఖ వాళ్ల పనే. ఎస్టిమేట్‌లో రాయి దగ్గర్లో దొరుకుతుందని రాసి ఉంటారు, దూరం నుంచి తోలే లీడ్ ఛార్జీలు మిగులుతాయని" అన్నాడు. ఆ తరువాత అదే ఇటుకను జానతో కొలిచి, మూరెడు పొడవుందని, దీన్ని ఒక చేత్తో ఎత్తి వరస పెట్టిన తాపీమేస్త్రీ భుజం ఎటువంటిదో అని ఆశ్చర్యపోయాడు. కావలివాడు మా వెంటే తిరుగుతూ, ఏటా బుద్ధపూర్ణిమకు తప్ప జనం పెద్దగా రారని చెప్పాడు. మా మిగిలిన జామకాయ అతనికి ఇచ్చాము. చెన్నై వెళ్లే రాత్రి బండి తెనాలిలో ఎక్కాము.

జనవరి 21, మంగళవారం: చెన్నై, ఎగ్మూరు

స్టేషను పక్క హోటల్లో పొంగలి, వడ, కాఫీ ముగించుకుని, తలుపులు తీసే వేళకు పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం చేరాము. 1851లో మొదలైన సంస్థ ఇది. ప్రవేశ రుసుము కంటే ఫోటోలకు కట్టే రుసుమే ఎక్కువ; నేను ఫోటోలు మానుకుని నోట్‌బుక్ తీశాను, దానివల్ల చూపు నిలిచింది.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన పలకలు మద్రాసు చేరి, మ్యూజియం ముందు ఆరుబయట ఎండకూ వానకూ ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని 1859లో ఓడ ఎక్కించి లండన్ పంపారు. అక్కడా ఒక బండ్ల షెడ్డులో పడి ఉంటే 1867లో వాస్తుశిల్ప చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించి బయటికి తీయించాడు. అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. ఎగ్మూరులో ఇప్పుడు మనం చూసేవాటిలో చాలావరకు ఆ తరువాత పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ కాలంలో, 1880ల మొదట్లో వచ్చినవి. అప్పట్లో వాటిని సిమెంటుతో గోడలోకి బిగించేశారు. ఆ సిమెంటులోంచి రాయికి ఎక్కిన ఉప్పు పైపొరను ఎలా తినేస్తుందో బాబాయి నాకు వివరంగా చెప్పాడు. గోడలోకి వెళ్లిన పలక వెనుకవైపు ఏముందో చూడలేకపోవడం నాకు అంతకంటే పెద్ద లోటనిపించింది. ఎందుకంటే అమరావతిలో పాత పలకలను తిరగేసి, వెనుకవైపు కొత్త శిల్పం చెక్కి వాడుకున్న సందర్భాలున్నాయి. క్రీస్తుపూర్వపు బోధివృక్షం ఒకవైపు, మూడో శతాబ్దపు స్తూపం మరోవైపు ఉన్న అటువంటి పలక ఒకటి లండన్‌లో ఉంది.

ఇక్కడ చూడవలసిన మొదటి రాయి నలగిరి ఏనుగు పతకం. బుద్ధుడి మీద పగబట్టిన బంధువు దేవదత్తుడు ఆయన మీదికి మదపుటేనుగును వదిలించిన కథ అది. ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు ఉంది. ఎడమవైపు అది వీధిలో పడి ఒక మనిషిని తొండంతో పట్టి ఊపుతున్నది, కాళ్ల దగ్గర మరొకడు పడి ఉన్నాడు. వెనక్కి తగ్గుతున్న స్త్రీ ఒకతె పక్కనున్నవాణ్ని గట్టిగా పట్టుకుంది. మేడ కిటికీలలోంచి ముఖాలు బయటికి వచ్చాయి. కుడివైపుకు వచ్చేసరికి అదే ఏనుగు మోకాళ్ల మీద ఉంది, తల నేలకు వంచింది. బుద్ధుడు నిటారుగా, ఏ తొందరా లేకుండా నిలబడ్డాడు. ఎడమవైపున్న శరీరాలన్నీ వంకరగా, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటే, కుడివైపు గీతలన్నీ నిలువుకు తిరుగుతాయి. కథ తెలియనివారికి కూడా భయం ఏ గీత దగ్గర ఆగిందో కనిపిస్తుంది. ప్రేక్షకులను కిటికీలలో పెట్టడం శిల్పి చేసిన గొప్ప పని. వాళ్ల చూపు వెంటే మన చూపు నడుస్తుంది.

రెండోది నలుగురు స్త్రీలు వంగి నమస్కరిస్తున్న శిల్పం. అందులో బుద్ధుడి రూపం లేదు. ఖాళీ ఆసనం, దాని ముందు పాదముద్రలు మాత్రమే ఉన్నాయి. తొలినాళ్ల శిల్పులు బుద్ధుణ్ని పాదాలతో, చెట్టుతో, చక్రంతో, జ్వలించే స్తంభంతో సూచించారు. తరువాతివారు మనిషి రూపంలో చెక్కారు. అమరావతిలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. నేలకు వంగిన ఆ స్త్రీల వీపులను ఎంత మెత్తగా మలిచారంటే, రాతి చలువ గుర్తు రావడానికి చేత్తో తాకాలనిపిస్తుంది. చేయి చాపకముందే కావలి ఉద్యోగి వచ్చి, అచ్చమైన నెల్లూరు యాసలో, "తాకొద్దమ్మా, చూడండి, ఎంతసేపయినా చూడండి" అన్నాడు. తెలుగువాళ్లు ఈ గదికి వస్తే గంటకు తక్కువ ఉండరని, అందరూ లండన్ సంగతి ఎత్తి తగవు వేసుకుంటారని చెప్పాడు. బాబాయి ఆ తగవు వేసుకోలేదు. వెల్లటూరు తూము సంగతి తెలిశాక లండన్‌ను తిట్టడానికి నోరు రావడం లేదన్నాడు. నాకు మాత్రం ఆ పోలిక ఒప్పుకోబుద్ధి కాలేదు. తూముకు పోయిన రాయి ఇక దొరకదు, లండన్‌లోని రాయి దొరికే చోటే ఉంది; దాని గురించి అడగడంలో తప్పేమీ లేదు. భోజనాల దాకా ఈ వాదం సాగింది, ఆంధ్రా మెస్సులో కందిపొడీ నెయ్యీ వచ్చాక ఆగింది.

వెళ్లాలనుకునేవారికి నా లెక్క ఇది: శుక్రవారం అమరావతి ప్రదర్శనశాల, ఎగ్మూరు మ్యూజియం రెండూ మూసి ఉంటాయి గనుక ఆ రోజు తప్పించాలి. అమరావతిలో ముందు స్తూపం చెక్కిన పలకను చూసి, ఆపైన దిబ్బకు వెళ్లాలి. భట్టిప్రోలుకు నీళ్లు, గొడుగు వెంట తీసుకెళ్లాలి, దగ్గర్లో నీడ తక్కువ. ఎగ్మూరుకు కనీసం సగం రోజు పెట్టుకోవాలి. బసలు, రాత్రి బండి కాక, తిండికీ ఆటోలకూ టికెట్లకూ మా ఇద్దరికీ కలిపి 4,000 రూపాయల లోపే అయింది. బాబాయి వచ్చే నెలలో జగ్గయ్యపేట స్తూపానికి వెళదామంటున్నాడు. టేపు ఈసారి పొడవైనది కొన్నాడు.